దీపం లేని ఇంజను

ఏప్రిల్ 12, 1989, బుధవారం

కంట్లో ఏదో పడింది. కుడి కన్ను. ఏమీ కాదు.

లేతు మిషన్ మీద పనిచేసేవాడికి కంట్లో నలుసు పడటం ఒక విశేషమా? దానికి డైరీ తెరవాలా? కానీ నిద్ర రావడం లేదు. ఏదో ఒకటి రాస్తే వస్తుందేమోనని కూర్చున్నాను.

మధ్యాహ్నం మా షాపు యజమాని, నాకు పని నేర్పే ఇషాక్ ఉస్తాద్ నమాజుకు వెళ్ళాడు. రంజాన్ ఉపవాసం కదా, రోజా ఉంటున్నాడు కాబట్టి నమాజయ్యాక మసీదులోనే కాసేపు నడుం వాలుస్తాడు. ఆ సందు చూసుకుని నేను నా సొంత పని మిషన్‌కు ఎక్కించాను. శనగ గింజంత పని. దానికి కళ్ళద్దాలెందుకని మేకుకు ఉన్నవాటిని అక్కడే ఉంచేశాను. టిక్కుమని ఏదో తగిలింది. అంతే.

ఉస్తాద్ వచ్చి, నేను కన్ను నలుపుకోవడం చూసి తన మాగ్నెట్ తీశాడు. పాత లౌడ్‌స్పీకర్‌లోంచి ఊడదీసిన మాగ్నెట్ అది. మా గల్లీలో వెల్డింగ్‌వాళ్ళు, మెకానిక్‌లు ఎవరి కంట్లో ఇనుప రజను పడ్డా పరుగెత్తుకొచ్చేది ఉస్తాద్ దగ్గరికే. తెల్లగుడ్డ చుట్టి, కనురెప్ప తిరగేసి, అలా ఒకసారి ఆడిస్తాడు. నలుసు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది.

"ఏం కొడ్తుంటివిరా?" అని అడిగాడు.

"బోల్టు, ఉస్తాద్."

"ఇనుపదేనా?"

"ఇనుపదే."

గుడ్డకు ఏమీ అంటలేదు. మళ్ళీ ఆడించాడు. ఏమీ లేదు. "లోపలేం లేదురా. గీసుకపోయి ఉంటది. సల్లటి నీళ్ళు కొట్టుకో," అన్నాడు.

నేను కొడుతున్నది బోల్టు కాదు. ఇనుము అసలే కాదు. ఇత్తడి మాగ్నెట్‌కు రాదని నాకు తెలుసు. కానీ ఉస్తాద్ చెయ్యి పెట్టి ఏం లేదన్నాక ఇంకేముంటుంది?

ఏప్రిల్ 13, గురువారం

బాగానే కనబడుతోంది. పొద్దున ఎడమ కన్ను మూసుకుని ఎదురు హోటల్ బోర్డు మొత్తం చదివాను. ఆ బోర్డు నాకు కంఠతా వచ్చు, అది వేరే సంగతి.

ఉస్తాద్‌తో అబద్ధమెందుకు చెప్పానో రాసుకుంటే మనసుకు తేలిక. ఆ ఇత్తడి పని ఆయన కోసమే. పండగకు ఇద్దామనుకున్నాను. ముందే చెప్పేస్తే అందులో మజా ఏముంటుంది?

బుల్లి బుల్లి వస్తువులు చేయడం నాకు ఐటీఐ రోజుల నుంచీ ఉన్న పిచ్చి. దుబ్బాకలో మగ్గం నేసే మా అవ్వకు, అంటే అమ్మకు, మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెను బొటనవేలంత చేసి ఇచ్చాను. ఉస్తాద్ భార్య హుస్నాబీ చాచీకి గుప్పిట్లో పట్టే స్టవ్వు చేశాను. దాని పంపు కూడా కొట్టుకుంటుంది. పక్క వెల్డింగ్ షాపు దేవదాసుకు అగ్గిపెట్టెలో పట్టే బస్సు చేసి ఇచ్చాను. ఉస్తాద్ ఒక్కడే మిగిలాడు. "ఊరందరికి జేస్తున్నవ్, మాకేం లేదారా?" అని ఒకసారి నవ్వుతూ అన్నాడు కూడా.

ఆయనకు రైలింజను తప్ప ఇంకేం చేస్తాను? వాళ్ళ నాన్న ఫజల్ సాబ్ రైల్వే షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి పోయాడు. సిద్దిపేటకు రైలు లేకపోతేనేం, ఉస్తాద్ మాటల్లో రోజుకో రైలు వెళ్తూనే ఉంటుంది. నాకు రైళ్ళ పిచ్చి అంటించింది ఆ మాటలే.

బాయిలరు, చక్రాలు, పొగగొట్టం అన్నీ అయ్యాయి. నెత్తిమీద దీపం ఒక్కటే మిగిలింది. నిన్న ఆ దీపం చేస్తుండగానే ఇలా అయింది.

ఇత్తడి నేను దొంగిలించలేదు. రోజాల ముందు షాపంతా నేనే దులిపాను. వెనక అరలో నూనెగుడ్డలో చుట్టిన అరిగిపోయిన ముక్క ఒకటి దొరికితే, పనికిరాని ముక్కలు పడేసే రద్దీ డబ్బాలో వేశాను. తర్వాత ఆ డబ్బాలోంచి తీసుకున్నాను. రద్దీలో పడింది ఎవరైనా తీసుకోవచ్చు. మా షాపు రివాజు అది.

కన్ను మాత్రం మిరపకాయలా ఉంది.

ఏప్రిల్ 14, శుక్రవారం

జుమ్మా రోజు షాపు బందు. దేవదాసూ నేనూ బస్సెక్కి కామారెడ్డి వెళ్ళాం. నెలకొకసారైనా వెళ్తాం, రైళ్ళు చూడటానికి. టికెట్టు కొని ఎక్కేదేం ఉండదు. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద కూర్చుని, మిర్చీ బజ్జీలు తింటూ, వచ్చేవాటినీ పోయేవాటినీ చూస్తాం. "పిల్ల నచ్చలేదని సంబంధం ఒద్దన్నవ్. ఇంజన్‌ను మాత్రం కండ్లార్పకుండ జూస్తవేందిరా," అని దేవదాసు ప్రతిసారీ అనే మాట ఇవాళా అన్నాడు.

బొగ్గింజను ఒకటి వచ్చింది. డ్రైవరు మాకు చెయ్యి ఊపాడు. ప్రాణం లేచొచ్చింది. ఒళ్ళంతా నల్లటి రజను పడింది, పడనీ.

అది వెళ్ళిపోయాక ఎడమ కన్ను మూసుకుని దూరాన సిగ్నల్ చూశాను. స్తంభం ఉంది. దాని రెక్క కనబడలేదు. ఇంజను వదిలిన పొగ ఇంకా పోలేదేమోనని ఆగాను. ఎడమ కన్ను తెరిచి చూస్తే ఆకాశం శుభ్రంగా ఉంది. మళ్ళీ మూశాను. మళ్ళీ పొగ.

"ఏందిరా, కొంగ లెక్క ఒంటికన్నుతోని జూస్తున్నవ్?" అన్నాడు దేవదాసు.

"ఎండ కొడ్తుంది."

"మనం నీడకు కూసున్నం గదరా!"

నవ్వాను. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి నిద్రపోయినట్టు నటించాను. 

ఏప్రిల్ 16, ఆదివారం

బాగానే కనబడుతోంది.

ఏప్రిల్ 17, సోమవారం

అయ్యో దేవుడా, నేనేం చేశాను!

ఉస్తాద్ పొద్దున్నే షాపుకొచ్చి వెనక అర సర్దడం మొదలుపెట్టాడు. తర్వాత మిషన్ కింద వంగి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"అరె సుధాకర్, గీ అరల నూనెగుడ్డల సుట్టిన ఇత్తడి ముక్క ఉండె. జూసినవా?"

"ఏం ముక్క, ఉస్తాద్?"

"మా అబ్బాది రా. షెడ్డుల ఆఖరి దినం దోస్తులు ఇంజన్‌లకెల్లి తీసిచ్చిన్రు. నౌకరంత దాని సుట్టే జేసిండు కదా. గిదే రోజాలల్ల పోయిండు ఆయన. ఏటా ఇయ్యాల దాన్ని తీసి చింతపండు పెట్టి తోముత."

నేను ఈ షాపులో చేరి ఏడాది కాలేదు. ఆయన దాన్ని తోమడం నేనెప్పుడూ చూడలేదు. అరిగిన ముక్క, జిడ్డుగుడ్డ. ఎవడైనా రద్దీ అనే అనుకుంటాడు. అనుకుంటాడా? గుడ్డ ఎంత జాగ్రత్తగా చుట్టి ఉందో నాకిప్పుడు గుర్తొస్తోంది.

ఆయన రద్దీ డబ్బాను నేలమీద బోర్లించి, రోజా నోటితో, ఆ ఉక్కపోతలో గొంతుక్కూర్చుని ఒక్కొక్క ముక్కా ఏరాడు. నేనేం చేశానో తెలుసా? నేనూ పక్కన కూర్చుని వెతికాను! ఇంజను నా టూల్ సొరుగులో, టిఫిన్ డబ్బాలో ఉంది. ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉంది.

"కిమ్మతు ఏం లేదు దానికి," అన్నాడు చివరికి, చేతులు దులుపుకుంటూ. "ఆయన చెయ్యి తాకిన చీజ్ గదొక్కటే మిగిలె." అని వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఇప్పుడు నా కంట్లో ఉన్నది ఇత్తడి అంటే, ఎక్కడి ఇత్తడి అంటాడు. మన షాపుకు నెల రోజుల నుంచి ఇత్తడి పని ఏదీ రాలేదు. ఆయనకు అర్థం కావడానికి ఎంతసేపు? వాళ్ళ నాన్న గుర్తును కోసి, తొలిచి, బొమ్మ చేసిన చేతులివి. పని నేర్పిన మనిషికి నేను చేసిన మర్యాద ఇది. చెప్పను. చెప్పలేను.

ఏప్రిల్ 18, మంగళవారం

ఇత్తడి కాదు. దుమ్ము. రైలు దుమ్మే అయ్యుంటుంది.

ఏప్రిల్ 20, గురువారం

ధూళిమిట్ట నుంచి రాజమల్లయ్య అనే రైతు బోరు మోటారు షాఫ్టు తెచ్చి, పొలం ఎండిపోతోందని షాపు గుమ్మంలోనే కూర్చున్నాడు. ఉస్తాద్ నాకప్పగించాడు.

రెండు కళ్ళూ తెరిచి చూస్తే రెండు బొమ్మలు కలిసి అలుక్కుపోతున్నాయి. కుడిది మూస్తే కోత పెట్టే టూలు షాఫ్టుకు ఎంత దూరముందో అంతు చిక్కడం లేదు. తగిలిందనుకుంటే తగలడం లేదు. ఇంకొంచెం ఉందనుకుని హ్యాండిల్ తిప్పాను. టూలు నేరుగా, షాఫ్టును బిగించి తిప్పే చక్‌కు గుద్దుకుంది. తుపాకీ పేలినంత చప్పుడు. విరిగిన ముక్క ఉస్తాద్ చెవి పక్క నుంచి పోయి గోడలో దిగింది.

ఆయనే వచ్చి స్విచ్చు ఆపాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును. షాఫ్టు వైపు చూడలేదు. నా గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

"ఎడమ కన్ను మూయి. నా చేతికి ఎన్ని వేళ్ళు?"

"రెండు."

"పిడికిలిరా అది," అన్నాడు. "ఎప్పటి సంది?"

"మొన్ననే ఉస్తాద్. బాగానే కనబడ్తుంది. ఎండకు జర…"

"నోర్ముయ్యి."

రాజమల్లయ్య లేచి, "నా షాఫ్టు పోతె పాయె సేటూ, ముందుగాల పిలగాన్ని దవాఖానకు తీస్కపో," అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

కంటి డాక్టరు లైటు వేసి చాలాసేపు చూశాడు. నలుసు లోపలికి దిగిపోయిందట, హైదరాబాద్ వెళ్ళాలట. ఆలస్యం చేస్తే ఈ కన్ను పోవడమే కాదు, దీన్ని చూసి రెండోది కూడా పాడయ్యే ప్రమాదం ఉందట. "ఏం పడింది?" అని అడిగాడు.

"ఇనుము, సార్," అన్నాడు ఉస్తాద్.

నేను తల ఊపాను.

ఏప్రిల్ 21, శుక్రవారం

రెండోది కూడా.

ఆ మాట చెవిలోంచి పోవడం లేదు. ఎడమ కన్ను కొంచెం మండినా అద్దం ముందుకు పరుగెత్తుతున్నాను. పొద్దుటి నుంచి దాన్ని ఎన్నిసార్లు తడుముకున్నానో. రెండూ పోతే నాకేముంది? పెద్ద చదువు లేదు, భూమి లేదు. చేతులు తెచ్చిపెట్టే అన్నమంతా కళ్ళ మీదుగా రావాల్సిందే. అవ్వ మగ్గం గుంటలోంచి లేచి నాకు ముద్దలు కలిపి పెట్టాలా?

ఈ వాక్యం ఎడమ కన్ను మూసుకుని రాశాను, ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడ ఆపానో తెలియలేదు.

తెరిచి చూస్తే ఆ వరస పైవరస మీదికి ఎక్కి కూర్చుంది.

చాచీ అన్నం పంపింది. రోజాలో ఉండి కూడా నా కోసం పొయ్యి వెలిగించింది. నేను చేసిచ్చిన స్టవ్వును ఖురాన్ పెట్టే అరకు కింది అరలో పెట్టుకుందని దేవదాసు చెప్పాడు. వినలేకపోయాను. డబ్బా అలాగే మూసేశాను.

ఏప్రిల్ 24, సోమవారం

హైదరాబాద్. పెద్ద దవాఖాన. ఉస్తాద్ షాపుకు తాళం వేసి నాతో వచ్చాడు.

ఎక్స్‌రేలో నలుసు కనబడింది. తెల్లటి చుక్క, గసగసంత. దాన్ని చూసి నేను పూర్తి చేయని దీపం గుర్తొచ్చింది. డాక్టరమ్మ మంచిది, నెమ్మదిగా మాట్లాడుతుంది. "ఇనుము కదా, భయం లేదు. మా దగ్గర పెద్ద మాగ్నెట్ ఉంది. ఎల్లుండి చిన్న గాటు పెట్టి లాగేస్తాం," అంది.

"సూసినవా? మన వైద్యమే! కాకపోతే వాళ్ళది జర పెద్ద మాగ్నెట్," అని ఉస్తాద్ నన్ను నవ్వించబోయాడు.

నవ్వాను. నవ్వి, బాత్‌రూముకు వెళ్ళి వాంతి చేసుకున్నాను.

ఏప్రిల్ 25, మంగళవారం

చెప్పేశాను.

పొద్దున రౌండ్లకొచ్చిన డాక్టరమ్మతో, మాగ్నెట్‌కు రాకపోతే ఏమవుతుందని ఊరికే అడిగినట్టు అడిగాను. "ఇనుమైతే రాకపోవడమేంటి?" అంది. "ఒకవేళ," అన్నాను. గాటు పెట్టాక లాగినా రాకపోతే కన్ను ఊరికే కోసినట్టవుతుందనీ, అప్పుడు ఆశ పెట్టుకోలేమనీ అంది. వేరే లోహమైతే ముందే తెలియాలట. దానికి సన్నటి చిమటాతో, అదే పట్టకారుతో, లోపలికి వెళ్ళే పద్ధతి వేరే ఉందట. అంతా విని సరేనన్నాను! అప్పుడు కూడా చెప్పలేదు! ఇంత పిరికివాణ్ణని నాకే తెలియదు.

పగలంతా మంచం మీద ఒకే లెక్క వేశాను. చెబితే ఉస్తాద్ పోతాడు. చెప్పకపోతే కన్ను పోతుంది. ఎటు తిప్పినా ఏదో ఒకటి పోతోంది.

సాయంత్రం వరండాలో ఉస్తాద్ రుమాలు పరిచి, ఖర్జూరాలు, సీసాలో నీళ్ళు పెట్టుకుని అజాన్ కోసం కూర్చున్నాడు. అజాన్ వినబడింది. మొదటి ఖర్జూరం తీసి, గింజ తీసేసి, నాకు ఇచ్చాడు. పొద్దుటి నుంచి నీళ్ళు కూడా ముట్టని మనిషి, ముందు నాకు ఇచ్చాడు. ఆ ఖర్జూరం అరచేతిలో పెట్టుకుని, ఇక ఆగలేకపోయాను.

"ఉస్తాద్, కంట్ల ఉన్నది ఇనుము కాదు. ఇత్తడి."

"ఇత్తడి ఎక్కడిదిరా?" అన్నాడు మామూలుగా. తర్వాత నీళ్ళ సీసా దగ్గరికి వెళ్తున్న ఆయన చెయ్యి ఆగిపోయింది.

"నాకు ఎర్క లేకుండె ఉస్తాద్. రద్దీ అనుకున్న. పండుగకు మీకే ఇంజన్ జేస్తుంటి. నా టూల్ సొరుగుల, టిఫిన్ డబ్బల ఉంది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. లేచాడు. రోజా విప్పలేదు, చెప్పులు కూడా వేసుకోలేదు. "డాక్టరమ్మా! ఓ డాక్టరమ్మా!" అని అరుచుకుంటూ వరండా చివరిదాకా పరుగెత్తాడు. "ఇనుము కాదంట! మాగ్నెట్ పెట్టకున్రి! ఇత్తడంట!"

తిరిగొచ్చాక రుమాలు ముందు కూర్చుని నీళ్ళు తాగాడు.

మే 2, మంగళవారం

పెద్ద అక్షరాలతో, ఒక్క కంటితో రాస్తున్నాను. నలుసు తీశారు. చిమటాతోనే వచ్చిందట. డాక్టరమ్మ దాన్ని ఇంజెక్షన్ సీసాలో వేసి, కబురందుకుని దుబ్బాక నుంచి వచ్చిన అవ్వకిచ్చింది. అవ్వ దాన్ని కొంగుకు ముడేసుకుంది.

రెండో కన్నుకు భయం లేదంది. ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాను. కుడిది ఎంత వస్తుందో కట్టు విప్పాక చూడాలి.

ఆపరేషన్ అయిన మర్నాడే ఉస్తాద్ వెళ్ళిపోయాడు. "షాపు జూస్కోవాలె," అని అవ్వతో అన్నాడట. నాతో అనలేదు.

"మీ ఉస్తాద్ నీ మీద కోపమైండా కొడుకా?" అని అవ్వ అడిగింది. నిద్రొస్తోందన్నాను.

మే 8, సోమవారం

పండగ. వార్డులో ఎవరో అత్తరు పూసుకుని వెళ్ళారు. ఆయన ఈపాటికి డబ్బా తెరిచే ఉంటాడు.

మే 10, బుధవారం

ఉస్తాద్ వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా. నా డబ్బానే! ఇంజను పెట్టిన డబ్బా. మంచం మీద పెట్టి, "తీ," అన్నాడు. నా చేతులు ఆడలేదు. అవ్వ మూత తీసింది.

షీర్ ఖుర్మా పాయసం! "మీ చాచీ పంపింది. పండుగ నాటిది గాదు, నీ కోసం మళ్ళ జేసింది," అన్నాడు.

తిన్నాను. ఏం రుచో నాకేం తెలుసు! తినడం అయ్యాక, "ఆ నలుసేదిరా?" అన్నాడు. అవ్వ కొంగు ముడి విప్పి సీసా ఇచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండకెత్తి చూశాడు.

"మా అబ్బాదే," అన్నాడు. జేబులో వేసుకున్నాడు. బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు.

ఇంజను ఏమైందో అడగడానికి నాకు నోరు రాలేదు.

మే 14, ఆదివారం

ఇంటికి పంపించారు. ఉస్తాద్ మళ్ళీ వచ్చాడు. బస్టాండుకు అనుకుంటే సికింద్రాబాద్ స్టేషన్‌కు తీసుకెళ్ళాడు. కామారెడ్డి దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి సిద్దిపేట బస్సెక్కుతామట. అంత చుట్టు తిరుగుడెందుకని అవ్వ గొణిగింది. రైలు కదిలాక మాత్రం చిన్నపిల్లలా కిటికీ చువ్వలు పట్టుకుని కూర్చుంది. ఆమె రైలెక్కడం ఇదే మొదలు. ఇన్నిసార్లు రైళ్ళు చూశాను గానీ, అవ్వను ఒక్కసారి ఎక్కించాలని నాకెందుకు తోచలేదు?

మేడ్చల్ దాటాక ఉస్తాద్ నా ఎడమ కంటిని తన అరచేత్తో మూశాడు.

"ఇప్పుడు చెప్పు. ఏం కనబడ్తుంది?"

బాగానే అని నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటైపోయింది కదా.

"కిటికీ ఎటున్నదో ఎర్కైతుంది. వెలుగు ఎర్కైతుంది. ఇంకేం కనబడ్తలేదు, ఉస్తాద్."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉస్తాద్ చెయ్యి తీయలేదు. ఆయన అరచెయ్యి తడిగా ఉంది. నాదా ఆ తడి, ఆయనదా, తెలియలేదు.

"గీ మాట మొదటి దినమే చెప్తే ఏం పోయేదిరా?" అన్నాడు. "ఇత్తడి నాకు ఇంకోటి దొర్కదు, నిజమే. కన్ను నీకు దొర్కుతదా?"



మే 17, బుధవారం

షాపుకు వెళ్ళాను. గుమ్మంలో కాళ్ళు ఆగిపోయాయి. దేవదాసు వెనక నుంచి తోశాడు.

వెనక అరలో, పాత చోటులోనే నూనెగుడ్డ ఉంది. ఉస్తాద్ విప్పి చూపించాడు. నా ఇంజను. చింతపండు పెట్టి తోమినట్టున్నాడు, మెరుస్తోంది. నెత్తిమీద నేను ఖాళీగా వదిలిన చోట దీపం ఉంది. ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. దీపం గిన్నె మధ్యలో గసగసంత చుక్కను లక్కతో అతికించాడు.

"నీ అసుంటి పనితనం నాకు లేదు. దీపం జర పెద్దగైంది," అన్నాడు. నిజంగానే పెద్దదైంది. వంకరగా కూడా ఉంది. అననిచ్చాడు కాబట్టి ఆ మాటే అన్నాను. "బద్మాష్!" అని నెత్తిన మొట్టాడు.

తర్వాత మేకు నుంచి కళ్ళద్దాలు తీసి నాకు పెట్టాడు. కొత్తవి.

"మిషన్ ఎక్కు."

"భయమైతుంది ఉస్తాద్."

"నాగ్గూడ అయితుంది. ఎక్కు."

చక్ తిరిగింది. గోడలో దిగిన ఆ ముక్క గుంత ఎదురుగానే ఉంది.

"టూలు ఎంత దూరముంది?"

"తెలుస్తలేదు, ఉస్తాద్."

ఆయన నా వెనక నిలబడి, హ్యాండిల్ మీది నా చేతి మీద తన చెయ్యి వేసి, మెల్లగా తిప్పాడు. కొంచెం. ఇంకొంచెం. టూలు అంచు తిరుగుతున్న ఇనుముకు తగిలి సన్నగా చప్పుడైంది.

"ఇన్నవా? గిదిగో, గీడున్నది," అన్నాడు.